కొండ దిగి రండి

మాట పోయినవాళ్ళకి మాట తెప్పించడం నా ఉద్యోగం. ఇక్కడ మమ్మల్ని స్పీచ్ పాథాలజిస్టులు అంటారు. సిడ్నీలో పారమట్టాకి దగ్గర్లో ఒక రీహాబ్ ఆసుపత్రిలో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చి, ప్రాణాపాయం దాటినవాళ్ళు ఇంటికి వెళ్ళేముందు కొన్ని వారాలు ఉండే చోటు అది. మా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామందికి ఇంగ్లిష్ సొంత భాష కాదు.

ఇందులో ఎవరి పేరూ రాయను. ఆ పెద్దాయన దేశం పేరు కూడా రాయను. ఆసియాలో ఒకప్పుడు రాజు ఉండి, ఇప్పుడు లేని దేశం అనుకుంటే చాలు. రాజు సైన్యానికీ, కొండల్లోకి వెళ్ళిన తిరుగుబాటుదారులకీ మధ్య అక్కడ ఏళ్ళ తరబడి యుద్ధం జరిగింది. రెండువైపులా ఆ దేశంవాళ్ళే. కొన్నిచోట్ల ఒకే ఇంటివాళ్ళు.

ఆయన మా వార్డుకి వచ్చేసరికి ఎనభైకి దగ్గరపడ్డారు. కుడిచెయ్యి, కుడికాలు కదిలేవి కావు. నోట్లోంచి ‘నా... నా...’ అనే శబ్దం తప్ప మాట వచ్చేది కాదు. అడిగింది కొంత అర్థమవుతోందని కళ్ళు చెప్పేవి. రోజూ పొద్దున్నే ఎడమచేత్తోనే చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడేవారు. నర్సు సాయం చెయ్యబోతే చెయ్యి పక్కకి నెట్టేవారు. ఆ పట్టుదల చూసే ఆయన మీద నాకు ఆశ కలిగింది.

ఆయనకి ఒక్కతే కూతురు. భార్య పోయి చాలాకాలమైంది. కూతురికి నా వయసే, నలభై ఐదు ఉంటాయి. కౌన్సిల్ ఆఫీసులో పనిచేసేది. రోజూ సాయంత్రం టిఫిన్ డబ్బాలో చారులాంటిది తెచ్చి తండ్రికి తాగించేది. మూడేళ్ళ పిల్లగా శరణార్థిగా ఇక్కడికి వచ్చిందట. సిడ్నీ శివార్లలో ఆయన ముప్ఫై ఏళ్ళు ఆకుకూరల తోట నడిపారట.

“అంతకుముందు ఏం చేసేవారు?” అని మొదటిరోజే అడిగాను. రోగి గురించి ఎంత తెలిస్తే అంత మంచిది మాకు.

“రాజుగారి సైన్యంలో ఉండేవారు. తుపాకీ పట్టలేదు, ఆఫీసు పని అని అమ్మ చెప్పేది. నాన్న ఏమీ చెప్పేవారు కాదు,” అంది.

మొదటి రెండు వారాలూ ఏమీ కదల్లేదు. మెదడులో మాటల చోటు దెబ్బతిన్నా, చిన్నప్పుడు బట్టీపట్టినవి కొన్ని మిగిలిపోతుంటాయి. అంకెలు, వారాల పేర్లు, ప్రార్థనలు, పాటలు. సొంతంగా ‘నీళ్ళు’ అనలేని మనిషి పాట మొత్తం పాడెయ్యడం నేను చూశాను. అందుకని రోజూ వాళ్ళ భాషలో ఒకటి, రెండు అంటూ మొదలుపెట్టేదాన్ని. ఫోన్లో ఉండే దుబాసీ దగ్గర నేర్చుకున్నాను ఆ అంకెలు. ఆయన నాలుగు దాకా వచ్చి ఆగిపోయేవారు.

మూడోవారంలో ఒకరోజు మేమిద్దరం ఆయన గదిలో ఉండగా, వార్డు మైకులో టింగుమని గంట మోగింది. ఫైర్ అలారం పరీక్ష చేస్తున్నాం, ఎవరూ కంగారుపడవద్దు అని ప్రకటన. నేను విసుక్కుంటూ కాగితాలు పక్కన పెట్టాను. ప్రకటన అయిపోయింది. ఆయన కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

అది ‘నా... నా...’ అనే గొంతు కాదు. నిండైన గొంతు. ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఎత్తాలో తెలిసిన గొంతు. రెండు నిమిషాలపాటు ఒక్క తడబాటు లేకుండా మాట్లాడారు. చివర ఒక మాట మూడుసార్లు అని ఆగారు. తర్వాత నా వంక చూసి ‘నా...’ అన్నారు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ ఉద్యోగంలో అలాంటి రోజులు ఏడాదికి ఒకటో రెండో వస్తాయి.

సాయంత్రం కూతురు వచ్చాక జరిగింది చెప్పాను. ఆవిడ సంతకం తీసుకుని, మర్నాడు ఆవిడ ముందే అలాంటి గంట చప్పుడు నా ఫోన్లోంచి వినిపించి రికార్డు చేశాను. తండ్రి నోట అన్ని మాటలు వింటూ ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“ఏమంటున్నారు?”

“నాకు సరిగ్గా తెలీదు. ఇది రాజసభల్లో మాట్లాడే భాష. మేం ఇంట్లో అలా మాట్లాడం. రాజు అనే మాట ఉంది, అమ్మ ఉంది, ఇల్లు, అన్నం, రండి... ప్రార్థన అనుకుంటాను. గుడిలో చదువుతారు ఇలాంటివి.”

నాకు వింతేమీ అనిపించలేదు. గ్రాంథికంలో రాసిన కాగితం ఒకటి చదివితే మా అమ్మాయికీ అంతే అర్థమవుతుంది. అలాంటప్పుడు దుబాసీని పిలిచి వినిపించాలి. అది మాకు నియమం, ఇంటివాళ్ళ అనువాదం మీద ఆధారపడకూడదు. నేను పిలవలేదు. ప్రార్థనే కదా అనుకున్నాను. దొరికిన సంతోషాన్ని ఫోన్లో ఎవరికో వినిపించి సరిచూసుకోవాలని అనిపించలేదు. తప్పు నాదే.

ఆ రోజు నుంచి ఆ ‘ప్రార్థన’తోనే వైద్యం నడిపాను. ముందు ఆయన చేత మొత్తం చెప్పించేదాన్ని. తర్వాత మధ్యలో ఆపి ఒక్కో మాటనీ విడదీసేదాన్ని. ‘రండి’ దగ్గర ఆపి గుమ్మం వైపు చూపించేదాన్ని. ‘అన్నం’ దగ్గర ఆపి పళ్ళెం చూపించేదాన్ని. పది రోజుల్లో, నర్సు గుమ్మంలో కనబడితే ‘రండి’ అనడం మొదలుపెట్టారు. ఆకలేస్తే ‘అన్నం’ అన్నారు. కూతురు వెళ్ళిపోతుంటే తన గుండె మీద చెయ్యి వేసుకుని ‘ఇల్లు’ అన్నారు. మా విభాగం సమావేశంలో ఆయన గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారు.

మా వార్డులో భోజనం బళ్ళు తోసే ఆవిడ ఒకరున్నారు. అరవై దాటిన మనిషి. అందరికీ ఆవిడంటే ఇష్టం. ఎవరు పంచదార తినకూడదో, ఎవరికి పళ్ళెం ఎడమవైపు పెట్టాలో చార్టు చూడకుండా చెప్పేది. అంతకుముందు సెలవులో ఉండి అప్పుడే తిరిగొచ్చింది. ఒక మధ్యాహ్నం నేను ఆయన చేత చెప్పిస్తుండగా ట్రేతో గుమ్మంలోకి వచ్చింది. అక్కడే నిలబడిపోయింది. ఆయన ముగించేదాకా కదల్లేదు. ఆయన ఆవిణ్ణి చూసి, నేను నేర్పినట్టే ‘రండి’ అన్నారు. ఆవిడ ట్రేని బయట బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ వేరే అంతస్తుకి మార్పించుకుందని తెలిసింది. నాకు సంబంధం తోచలేదు. రెండురోజుల తర్వాత స్టాఫ్ గదిలో నేను భోంచేస్తుంటే ఎదురుగా వచ్చి కూర్చుంది.

“ఆ పెద్దాయన చేత రోజూ అది చెప్పిస్తున్నావా?” అంది.

“అవును. ప్రార్థనట కదా.”

“ప్రార్థన అని ఎవరన్నారు?”

“వాళ్ళమ్మాయి.”

ఆవిడ నెమ్మదిగా, ఆఫీసులో పని వివరించినట్టు చెప్పింది. తనదీ ఆ దేశమే. కొండ కింద ఊరు. అప్పటికి తనకి తొమ్మిదేళ్ళు. అన్నయ్యకి పంతొమ్మిది. అతను తిరుగుబాటుదారులతో కొండల్లోకి వెళ్ళి ఏడాది దాటింది. వానలు ఆగాక రాజు సైన్యంవాళ్ళ చిన్న విమానం రోజూ వచ్చేది. దానికి లౌడ్‌స్పీకర్లు కట్టి ఉండేవి. ముందు గంట మోగేది, తర్వాత ఒక గొంతు. పైనుంచి కాగితాలు రాలేవి. వాటి మీద రాజుగారి బొమ్మ, కింద సేనాపతి ముద్ర.

“ఆ గొంతే ఇది. ముసలిదైంది, అంతే. పిల్లలం మేం ఆటల్లో ఆ గొంతుని అనుకరించేవాళ్ళం. నాకిప్పటికీ మొత్తం వచ్చు.”

ఇంగ్లిష్‌లో చెప్పింది నాకు. నేను విన్నది ఇది:

“రాజుగారి బిడ్డలారా, దారి తప్పినవాళ్ళని తండ్రి శిక్షించడు. తుపాకీ పడేసి ఈ కాగితం పట్టుకుని రండి. ఈ కాగితం ఉన్నవాణ్ణి ఏ సైనికుడూ ముట్టుకోడు. ఇది రాజుగారి మాట. మీ అమ్మ అన్నం వండి గుమ్మంలో కూర్చుంది. ఇల్లు మిమ్మల్ని పిలుస్తోంది. కొండ దిగి రండి. రండి. రండి.”

వాళ్ళమ్మ నమ్మింది. ఒక కాగితం మడిచి, కట్టెలకి వెళ్ళే మనిషి చేత కొడుక్కి పంపింది. నోటిమాటగా తనూ రమ్మందని చెప్పమంది. వారం తర్వాత అతనూ, ఇంకో పదిమందీ కాగితాలు పట్టుకుని బడి దగ్గరికి దిగివచ్చారు. సైనికులు టీ ఇచ్చారు. పేర్లు రాసుకున్నారు. లారీ ఎక్కించారు. ఒక్కడూ తిరిగి రాలేదు. విమానం మాత్రం పక్క కొండకి వెళ్ళి అవే మాటలు చెప్పింది.

“అమ్మ చనిపోయేదాకా ఆ గొంతుని తిట్టలేదు. తననే తిట్టుకుంది,” అందావిడ. కుర్చీ వెనక్కి జరిపి, “నీకు తెలీదు. నీ మీద నాకు కోపం లేదు. కానీ తెలియాలి కదా,” అని లేచి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం నేను ఆయన గదికి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదని ఇంటికొచ్చేశాను. గిరావీన్‌లో మాకు చిన్న ఇల్లు. మా అత్తయ్య మాతోనే ఉంటారు. సూర్యాపేట వైపు మనిషి, నేనేమో గుంటూరు. పెళ్ళైన కొత్తలో ఆవిడ మాటలు సగం తెలిసేవి కావు నాకు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. రోగుల విషయాలు ఇంట్లో చెప్పకూడదు. ఎవరో, ఎక్కడో అనకుండా, ఒకాయన అలా పిలిచాడట, నమ్మి దిగినవాళ్ళు పోయారట అని మాత్రం చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయ పక్కన పెట్టారు.

“గాయన రాసిండా, ఉత్తగ సదివిండా?”

“తెలీదు అత్తయ్యా.”

“దిగితే సంపుతరని ఎరుకేనా ఆయనకు?”

“అదీ తెలీదు.”

అప్పుడు ఆవిడ చెప్పారు. ఆవిడ పసిపిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ చిన్నాయన సంగంవాళ్ళతో అడవిలోకి వెళ్ళాడట. ఊళ్ళో దండోరా వేయించారట, వచ్చి లొంగిపోయినవాళ్ళని ఏమీ అనం అని. ఆవిడ నాయనమ్మ అడవి అంచు దాకా వెళ్ళి పేరు పెట్టి పిలిచిందట.

“వచ్చిండు. జైల్ల ఏసిండ్రు. రెండేండ్లకు బతికే వచ్చిండు గని, మా నాయనమ్మ చేతి బువ్వ మల్ల తినలే. సచ్చేదాంక తినలే. జైలోల్లను గూడ గంతగనం తిట్టకపోతుండె. పిలిచినామె మీదనే కోపం.”

“ఆవిడ తప్పేముంది?”

“ఏం లేదు బిడ్డా. గంజికి గూడ లేక కొడుకు కొరకు ఎదురుసూసుకుంట ఉన్నదామె. ఆమెకేం ఎరుక.”

అప్పుడే బడి నుంచి వచ్చిన మా అమ్మాయి ఫ్రిజ్ దగ్గర నిలబడి అంతా విన్నది. “సో, ఆ ఓల్డ్ మ్యాన్ బ్యాడ్ గైయా?” అని అడిగింది. అత్తయ్య మళ్ళీ చిక్కుడుకాయలు అందుకున్నారు.

మర్నాడు మా పై అధికారికి అంతా చెప్పాను. నియమం తప్పానని కూడా ఒప్పుకున్నాను. ఆవిడ కేకలేమీ వెయ్యలేదు. “ముందే చెయ్యాల్సింది ఇప్పుడు చెయ్యి,” అంది. అంటే, దుబాసీకి రికార్డు వినిపించడం. కూతురి ఎదుట వినిపించాలా, వద్దా అని రెండురోజులు ఆలోచించాం. భోజనాల ఆవిడ సంగతి చెప్పడానికి మాకు హక్కు లేదు. కానీ ఆ మాటలేమిటో తెలుసుకునే హక్కు కూతురికి ఉంది. తండ్రి నోట వచ్చేవి అవి మాత్రమే కదా. కూతుర్నే అడిగాను. “ప్రార్థన కాకపోవచ్చని నాకు అనుమానం వచ్చింది. దుబాసీ చేత చెప్పించనా?” ఆవిడ సరేనంది. తండ్రి గదిలోనే విందామంది. నేను వేరే గది అన్నా వినలేదు.

ఫోను స్పీకర్లో పెట్టాను. దుబాసీ ఎక్కడో మెల్‌బోర్న్ నుంచి మాట్లాడుతున్నాడు. రికార్డు ఇంకోసారి వినిపించమన్నాడు. తర్వాత అలవాటైన స్వరంతో ఒక్కో వాక్యం ఇంగ్లిష్‌లోకి చెప్పాడు. భోజనాల ఆవిడ చెప్పినదానికీ దానికీ నాలుగైదు మాటలే తేడా. చివర, “ఇది యుద్ధకాలంలో రాజు సైన్యం చేసిన ప్రకటన. ఇంతకుమించి చెప్పడం నా పని కాదు,” అన్నాడు. కృతజ్ఞతలు చెప్పి పెట్టేశాను.

ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నారు.

“మా అమ్మ తరఫువాళ్ళలో ఇద్దరు ఇలాగే దిగివచ్చి మాయమైపోయారు,” అంది కూతురు. “అమ్మకి తెలుసా ఇది నాన్న గొంతని?”

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. లేచి తండ్రి ముందు నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. వాళ్ళ భాషలో ఏదో అడిగింది. ఆయన తల ఊపారు. మళ్ళీ అడిగింది. మళ్ళీ ఊపారు. ఆవిడ నా వైపు తిరిగింది. మొహం పాలిపోయింది.

“నీకు తెలుసా నాన్నా, వాళ్ళని చంపుతారని తెలుసా, అని అడిగాను. అవునంటున్నారు.”

నేను అప్పుడు చెప్పాల్సింది చెప్పడం ఎంత కష్టమైందో. “దాన్ని అవును అనుకోకండి. మీరు ఇంకో ప్రశ్న అడగండి. మీరు ఆడవారా అని అడగండి.”

ఆవిడ అడిగింది. ఆయన తల ఊపారు.

“ఈ ఊరు వేరే దేశంలో ఉందా అని అడగండి.”

ఊపారు.

“వచ్చిన రోజు నుంచీ అంతే. ఏది అడిగినా తల ఊపుతారు. మనం అడుగుతున్నామని తెలుసు, జవాబివ్వాలని తెలుసు. ఆ తల ఊపడాన్ని జవాబు కింద తీసుకోవద్దని నా రిపోర్టులో కూడా రాశాను.”

“అయితే తెలీదనా?”

“అదీ కాదు. ఆయన చెప్పలేరు. మనకి తెలియదు.”

“ఎప్పటికైనా చెప్పగలరా?”

చెప్పలేరన్నాను. అబద్ధం చెప్పాలనిపించింది గానీ చెప్పలేకపోయాను.

ఆవిడ లేచి తండ్రి చొక్కా పై గుండీ ఊడి ఉంటే పెట్టింది. ఆయన ఆ చెయ్యి నెట్టెయ్యలేదు. ‘ఇల్లు,’ అన్నారు.

ఆ ప్రకటనతో వైద్యం మానేశాను. ఆకుకూరల ఫొటోలు, తోట పనిముట్లు పెట్టి కొత్తగా మొదలుపెట్టాను. పెద్దగా ఫలితం లేదు. ఆయనకి వచ్చిన మాటలన్నీ ఆ కాగితంలోవే, అవి తప్ప ఇంకేవీ పట్టుబడలేదు. ‘రండి’ అని పిలుస్తూనే ఉన్నారు. ఆ మాటలు తిరిగి తీసుకోలేను కదా. తమని పిలిచినందుకు నర్సులు సంతోషంగా వెళ్ళేవారు. నేను మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ లోపలికి అడుగు వేసేముందు ఆగేదాన్ని.

ఆయన్ని నర్సింగ్‌హోమ్‌కి పంపే ముందురోజు మధ్యాహ్నం భోజనాల ఆవిడ నా దగ్గరికొచ్చింది. ఒకసారి చూస్తాను, పక్కనుండు అంది. వద్దనాలో, సరేననాలో తెలియక ఆవిడ మొహం చూశాను. కోపంగా లేదు. కూతురికి ఫోన్ చేసి, మీ దేశపు ఒకావిడ, ఇక్కడ పనిచేసేవారు, నాన్నగారిని పలకరించాలంటున్నారు, ఆ ప్రకటన అప్పట్లో విన్న మనిషి, అన్నాను. భోజనాల ఆవిడ అనుమతితోనే అంత చెప్పాను. “రమ్మనండి,” అంది కూతురు. “నేను అక్కడ ఉండలేను.”

ఆవిడ యూనిఫాం ఏప్రాన్ తీసేసి, జుట్టు సర్దుకుని వచ్చింది. మంచం కాళ్ళ దగ్గర నిలబడి రెండు మాటలు చెప్పింది. ఒకటి ఊరి పేరు, ఒకటి అన్నయ్య పేరు అని తర్వాత తెలిసింది. మళ్ళీ చెప్పింది. ఆయన కనుబొమలు ముడిచి, ఎడమచెయ్యి కొంచెం ఎత్తారు. నోరు తెరిచి మూశారు. ఆ రెండు మాటల్లో ఏదైనా ఆయనకి తగిలిందో లేదో నేను చెప్పలేను. పన్నెండేళ్ళుగా ఇలాంటి మొహాలు చదవడమే నా పని, అయినా చెప్పలేను. చివరికి, ‘అమ్మ... అన్నం... రండి,’ అన్నారు.

ఆవిడ ఇంకో నిమిషం నిలబడి బయటికొచ్చేసింది. నేను వెనకే వెళ్ళాను. లిఫ్టు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది.

“చాలా చిన్న మనిషి,” అంది. “విమానంలోంచి ఆ గొంతు వింటే ఎంతో పెద్దవాడు అనుకునేదాన్ని.”

“కూర్చుంటారా? నీళ్ళు తేనా?”

“వద్దు. రెండో అంతస్తులో ట్రేలు వెనక్కి తెచ్చే టైమైంది.”

నాలుగు నెలల తర్వాత ఆయన పోయారని కూతురు ఫోన్ చేసింది. రమ్మంది. మామూలుగా రోగుల అంత్యక్రియలకి వెళ్ళం. ఆ రోజు సెలవు పెట్టి వెళ్ళాను. ముందు వరసల్లో పదిమంది ముసలివాళ్ళు నల్ల కోట్ల మీద పతకాలు పెట్టుకుని కూర్చున్నారు. శవపేటిక మీద పాత రాజ్యపు జెండా కప్పి ఉంది. వాళ్ళలో ఒకాయన లేచి వాళ్ళ భాషలో ఒక కాగితం చదివాడు. నాకు అర్థంకాలేదు. గొంతులో మాత్రం గర్వం తెలుస్తోంది.

తర్వాత కూతురు ఇంగ్లిష్‌లో మాట్లాడింది. తోట గురించి చెప్పింది. పొద్దున్న నాలుగింటికే తండ్రి కట్టలు కట్టడం, మార్కెట్‌కి వ్యాన్‌లో తను నిద్రపోతూ వెళ్ళడం, బడి ఫంక్షన్‌కి ఆయన మట్టిచేతులతో వచ్చేసినందుకు తను సిగ్గుపడటం. కొందరు నవ్వారు. ఆవిడ కాగితం మడిచేసింది.

“యుద్ధంలో నాన్న ఒక ప్రకటన చదివేవారు. దాన్ని నమ్మినవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళలో మా అమ్మ మేనమామలు ఇద్దరు ఉన్నారు. నాన్నకి ముందే తెలుసో లేదో నాకు తెలియదు. ఆయన్ని ప్రేమిస్తాను. ఈ సంగతి చెప్పకుండా ఆయన్ని సాగనంపలేను.”

పతకాలు పెట్టుకున్నవాళ్ళలో ఇద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారు. కాగితం చదివినాయన తల వంచుకుని కూర్చునే ఉన్నాడు. జెండా అంచు జారితే ఎవరో సర్దారు. తంతు అయ్యాక బయట కూతురు నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ కోసం ఇంకా చాలామంది ఎదురుచూస్తున్నారు, పక్కకి జరిగాను. కారు దాకా నడిచి, తలుపు తీసి, ఇంటికి బయల్దేరాను.